నల్ల కారు దగ్గరే తేలుతుంది పనితనం

డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకీ, అది అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నవాళ్లకీ ఒక ప్రశ్న. గల్ఫ్ నుంచి వచ్చిన మీ మావయ్య కొత్తగా కొన్న నల్ల కారు చూపించి ‘ఏరా అబ్బాయ్, కాస్త కడిగి పెట్టు’ అంటే ఏం చేస్తారు? బకెట్టు నీళ్లు, గుప్పెడు సర్ఫు, ఇంట్లో ఉన్న పాత తువ్వాలు. పావుగంటలో పని అయిపోతుంది, కారూ మెరుస్తుంది. మర్నాడు పొద్దున్న ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడ్డప్పుడు ఒకసారి చూడండి. సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్నటి గీతలు కనబడతాయి. అందులో ఎక్కువ భాగం ఆ తువ్వాలు పెట్టినవే.

ఆ గీతలు ఎందుకు పడతాయో, పడకుండా ఎలా చూడాలో, పడ్డాక ఎంతవరకు తీయొచ్చో తెలిసి చేసే పనినే ఇప్పుడు కార్ డిటైలింగ్ అంటున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ పనిని ఒకసారి సీరియస్‌గా చూడాలన్నది నా అభిప్రాయం. అయితే ప్రకటనల్లో చెప్పినట్టు ‘నెల రోజుల కోర్సు, లక్షల ఆదాయం’ అని నమ్మి మాత్రం వెళ్లకండి. ఇది చేతిపని. చేతికి రావడానికి టైము పడుతుంది. వచ్చిందో లేదో చెప్పడానికి మాత్రం ఒక నల్ల కారు చాలు.

నలుపు ఎందుకు దాచదు?

హెన్రీ ఫోర్డ్ తన మోడల్ టీ కారుని 1914 నుంచి 1925 వరకు నలుపు రంగులో మాత్రమే అమ్మాడు. ఆ రోజుల్లో కంపెనీకి నలుపు చవక, గట్టిది, లైనులో పని తొందరగా తెమిలేది. నూరేళ్లు గడిచేసరికి సంగతి తిరగబడింది. ఇప్పుడు చూసుకోవడానికి అన్నిటికంటే కష్టమైన రంగు ఏదంటే ఈ పని చేసేవాళ్లు నలుపు పేరే చెబుతారు.

నిజానికి ఇవాళ మనం తుడిచేది నలుపు రంగుని కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. మన గుడ్డ తగిలేది ఆ క్లియర్ కోట్‌కి. అన్ని పొరలూ కలిపితే కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక చాలావరకు అంతకంటే లావు ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకు పట్టుకున్న చేతులకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. పల్చటి దాన్ని ఎంత ఒత్తిడితో పట్టుకోవాలో తెలియడమే అక్కడ పని. ఇక్కడా అంతే.

మరి తెల్ల కారు మీద గీతలు పడవా? అంతే పడతాయి. గీత అంచుకి తగిలి చెదిరిన వెలుగు చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతుంది కాబట్టి కనబడదు. నలుపు వెలుగుని దాదాపు మింగేస్తుంది కాబట్టి గీత ఒక్కటే తెల్లగా మెరుస్తుంది. అవి గుండ్రంగా కనబడటం వెనక చిన్న ఫిజిక్స్ ఉంది. తోమిన స్టీలు పళ్లేన్ని బల్బు కింద పెట్టి చూడండి. గీతలు అన్ని దిక్కులకీ ఉన్నా, వెలుగుకి అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి. అందుకే బల్బు చుట్టూ వలయాలు కట్టినట్టు ఉంటుంది. ఇంటర్‌లో చదివిన పాఠం ఇలా బానెట్ మీద దొరుకుతుందని మనకి ఎవరూ చెప్పలేదు.

కోనసీమ గాలి, నీరు, ఆచారం

ఈ పని నేర్పే వీడియోలు ఎక్కువగా చలిదేశాల వాళ్లవి. రోడ్ల మీద మంచు కోసం చల్లిన ఉప్పు గురించి చెబుతారు. మన సమస్యలు వేరు. వాటిని తెలుసుకున్నవాడికే ఇక్కడ పని దొరుకుతుంది.

మొదటిది ఊక బూడిద. మండపేట, రామచంద్రపురం వైపు రైస్ మిల్లుల దగ్గర కారు ఒక పూట ఉంటే పైన సన్నటి బూడిద పడుతుంది. ఊక బూడిదలో 85 శాతానికి పైగా సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. మన ఊళ్లలో డ్రైవర్లు పొద్దున్నే చేసే మొదటి పని ఆ పొడిగుడ్డ విసురే. నల్ల కారు మీద గీతల్లో చాలా వాటా దానిదే.

రెండోది నీళ్లు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో కాలిన నల్ల బానెట్ మీద ఆ నీళ్లు పోస్తే తుడిచేలోపే ఆరిపోతాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి మచ్చలుగా మిగులుతాయి. అలాగే వదిలేస్తే క్లియర్ కోట్‌లోకి దిగి గుంటలు పడతాయి. కొందరు ఆర్‌ఓ ప్లాంటు నుంచి వదిలేసే నీళ్లు పట్టుకొచ్చి కారు కడుగుతారు. వృథా కాకుండా వాడామనుకుంటారు గానీ, ఆ నీళ్లలో లవణాలు మామూలు నీటికంటే ఎక్కువ. ఆఖరి కడుగుడుకి కావాల్సింది ఆర్‌ఓ శుద్ధి చేసిన నీరు. ఒక బకెట్టు చాలు. నీటిలో లవణాలు చూపించే టీడీఎస్ మీటరు పెన్నంత ఉంటుంది, పెద్ద ఖరీదేమీ కాదు.

మూడోది పిట్టల రెట్టలు. కొంగలు వాలే చెట్టు కింద కారు పెట్టి పెళ్లికి వెళ్లొస్తారు. రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది. వేడెక్కిన నల్ల రేకు మీద దాని పని మరీ వేగం. గోకకూడదు. తడిపిన మెత్తటి గుడ్డని కాసేపు దాని మీద పరిచి, నానాక ఎత్తెయ్యాలి.

నాలుగోది మనం ప్రేమగా చేసేది. కొత్త కారుకి పసుపు, కుంకుమ పెట్టి పూజ చేస్తాం. పెళ్లి కారు బానెట్ మీద సెల్లో టేపుతో బంతిపూల దండలు అంటిస్తాం. ఎవరి ఆచారాన్నీ మానమని చెప్పక్కర్లేదు. బొట్టు నంబర్ ప్లేటు మీద పెట్టమనండి, దండలు పెయింటుకి తగలకుండా రిబ్బనుతో కట్టమనండి. ఎండిన పసుపుని చేత్తో రుద్దకుండా నీళ్లతో జారిపోనివ్వాలని చెప్పండి. కస్టమరు నమ్మకాన్ని గౌరవిస్తూ కారుని కాపాడటం కూడా పనితనమే.

కాలువ రేవులో కార్లు, లారీలు కడిగే అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. ఆ కాలువ నీళ్లే కింద ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుతాయి. నూనె, గ్రీజు, సర్ఫు నురగ అందులో కలుపుతూ ‘సర్వీసు’ అనుకోవడం తప్పు. పైగా ఆ నీళ్లలో ఒండ్రు ఉంటుంది, అదీ పెయింటుని గీకుతుంది.

కడగడం వస్తే సగం పని వచ్చినట్టే

నీడ ఉండాలి. రేకు చేతికి చల్లగా తగలాలి. ముందు చక్రాలు కడగాలి, వాటికి వేరే బకెట్టు, వేరే బ్రష్. తరవాత కారంతా ప్రెషర్ నీళ్లతో తడిపి వదులుగా ఉన్న దుమ్ముని చెయ్యి పెట్టకుండానే దింపేయాలి. అప్పుడు రెండు బకెట్లు: ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. మైక్రోఫైబర్ మిట్‌తో ఒక తలుపు తుడిచాక దాన్ని మంచినీళ్లలో జాడించి, ఆ తరవాతే షాంపూలో ముంచాలి. పైనుంచి కిందకి, తిన్నటి గీతల్లో, బరువు వెయ్యకుండా తుడవాలి. బురద ఎక్కువగా ఉండే కింది భాగం ఆఖర్న. ఆరబెట్టేటప్పుడు మందపాటి మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి అద్దాలి, రుద్దకూడదు. కింద పడ్డ గుడ్డని ఆ రోజుకి పక్కన పడేయాలి. ఎంత దులిపినా అందులో ఇసుక రేణువు ఉండిపోవచ్చు.

వాషింగ్ పౌడరు బట్టల కోసం చేసింది. దాని క్షార గుణం కారు మీద ఉన్న మైనం పూతని లాగేస్తుంది. కొన్ని సర్వీసు సెంటర్లలో చక్రాల మీద వాడే ఘాటు యాసిడ్‌కి పెయింటు దాకా వెళ్లే అవకాశం ఇవ్వకండి. ఆ యాసిడ్ మీ చేతికీ, ఊపిరితిత్తులకీ మంచిది కాదు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా కెమికల్ ముట్టమంటే ‘చెయ్యను’ అని చెప్పడం మొదటి రోజే అలవాటు చేసుకోండి.

తీసేసింది తిరిగి రాదు

గీతలు పడ్డాక పాలిషింగ్. ఇక్కడే చాలామంది పొరబడతారు. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని దాని అడుగు దాకా అరగదీసి సమానం చేయడం. ఉన్నదే 35-50 మైక్రాన్లు. గట్టి కాంపౌండ్‌తో ఒక్కసారి తిప్పితే అందులోంచి ఒకట్రెండు మైక్రాన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోతాయి. ఎండని తట్టుకునే యూవీ రక్షణ ఉండేదీ ఆ పొరలోనే. ప్రతి దీపావళికీ, సంక్రాంతికీ ‘రబ్బింగ్ పాలిష్’ కొట్టిస్తే కొన్నేళ్లకి అక్కడక్కడ పొర లేచిపోతుంది. అప్పుడు మళ్లీ పెయింటు వేయించడమే దారి.

అందుకని తెలిసినవాళ్లు ముందు మందం కొలిచే పెయింట్ గేజ్ పెట్టి చూస్తారు. ఒక డోరు దగ్గర 120, పక్క డోరు దగ్గర 280 చూపిస్తే రెండోది ఎప్పుడో మళ్లీ పెయింటు వేసిందని అర్థం. సెకండ్‌హ్యాండ్ కార్లు కొనేవాళ్లకి ఈ ఒక్క కొలతే చాలా సంగతులు చెబుతుంది. తరవాత క్లే బార్‌తో అంటుకున్న మురికి తీస్తారు. ఆపైన అరచేయంత చోట అన్నిటికంటే మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తో పరీక్ష చేస్తారు. సరిపోకపోతేనే ఒక మెట్టు ఎక్కుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు డ్యుయల్ యాక్షన్ మెషీన్‌తో మొదలుపెట్టాలి. రోటరీ మెషీన్ ఒకే చోట వేడి పుట్టిస్తుంది. బానెట్ అంచుల మీద, డోరు మలుపుల మీద పెయింటు పల్చగా ఉంటుంది కాబట్టి క్షణంలో రంగు దాకా తినేస్తుంది. లోతుగా పడి గోరుకి తగిలే గీత పాలిష్‌తో పూర్తిగా పోదని కస్టమరుతో ముందే చెప్పాలి.

కస్టమరుకి నిజం చెప్పగలరా?

సిరామిక్ కోటింగ్ అమ్మేటప్పుడు ‘9హెచ్ గట్టిదనం, వజ్రంలా ఉంటుంది, గీతే పడదు’ అంటారు కొందరు. 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్షలో ఒక మెట్టు. వజ్రాన్ని పదిగా లెక్కేసే మోస్ స్కేలుకీ దానికీ సంబంధం లేదు. సిరామిక్ వల్ల నీళ్లు జారిపోతాయి, మురికి తొందరగా అంటదు, కడగడం తేలిక. అది నిజమే. అయినా ఆ పొర చాలా పల్చనిది. ఎగిరొచ్చే రాయినీ, పొడిగుడ్డనీ ఆపలేదు. రాళ్ల నుంచి కాపాడేది పీపీఎఫ్ అనే పాలీయురెథేన్ ఫిల్మ్. అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, ధరా ఎక్కువే. గీతలున్న నల్ల కారు మీద, గీతలు తీయకుండా సిరామిక్ వేస్తే ఆ గీతలు కింద అలాగే ఉండిపోతాయి.

ఇది చెబితే కొన్ని బేరాలు పోతాయి. కానీ అమలాపురం లాంటి ఊళ్లో కస్టమరు అంటే ఎవరో కాదు, మీ లెక్చరరు బావమరిది, మీ పక్కింటాయన తోడల్లుడు. ఒక్క కారు పాడుచేస్తే రావులపాలెం దాకా తెలిసిపోతుంది. బాగా చేసినా అంతే దూరం వెళుతుంది. పని మొదలుపెట్టే ముందు పగటి వెలుగులో కారు నాలుగు పక్కలా ఫోటోలు తీసి, ఉన్న గీతలన్నీ కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీలాంటి చిన్న సేవకుడికీ వర్తిస్తుంది. ఆ కాగితం ఇద్దరికీ రక్షణ.

‘డిగ్రీ చదివి కార్లు కడుగుతావా?’

అసలు అడ్డు ఇక్కడుంది. పరికరాలూ, పెట్టుబడీ తరవాతి సంగతి. ఇంట్లో నాన్నగారు అనే ఈ మాటని కొట్టిపారేయలేం. పిల్లల్ని ఎండలో పని నుంచి తప్పించడానికే ఆయన ఫీజులు కట్టారు. ఏ పని ఎవరు చెయ్యాలన్న లెక్కలు మన ఊళ్లలో ఇంకా పోలేదన్నదీ నిజం. నీళ్ల పైపు పట్టుకున్నవాణ్ని ‘ఏరా’ అని పిలిచే కస్టమరు మీకూ తగులుతాడు.

అయినా ఒకటి గమనించండి. అదే పని మన కుర్రాడు దుబాయ్‌లో చేస్తే ‘ఫారిన్‌లో ఉద్యోగం’ అవుతుంది. కువైట్‌లో కారు తుడిస్తే ఇంటికి డబ్బులు పంపే కొడుకు అవుతాడు. రాజోల్లో చేస్తే మాత్రం పరువు పోతుందా? పని మారలేదు, చూసేవాళ్ల దూరం మారింది. పీహెచ్ విలువలు, వెలుగు పరావర్తనం, మైక్రాన్ల లెక్క, జాబ్ కార్డు, బిల్లు. ఇవన్నీ తెలిసి చేసే పనికి చదువు అడ్డం కాదు, అవసరం. ప్రపంచ నైపుణ్య పోటీలు వరల్డ్‌స్కిల్స్‌లో కార్ పెయింటింగ్‌కి విడిగా పోటీయే ఉంది. ఐటీఐల్లో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అని ట్రేడ్ ఉంది. ఈ మాటలన్నీ అమ్మాయిలకీ వర్తిస్తాయి. చూపు, ఓపిక, చేతి నిదానం అడిగే పని ఇది.

గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు మానమని ఎవరూ అనడం లేదు. కానీ ఎదురుచూపుకి ఒక గడువు పెట్టుకోండి. ఆ గడువులోనే చేతికి ఒక పని నేర్పుకుంటే పరీక్ష పోయిన రోజున ఇంట్లో తలవంచుకుని కూర్చోనక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

షాపుతో మొదలుపెట్టకండి. రాజమహేంద్రవరం, కాకినాడ, విజయవాడల్లో మంచి పని చేసే చోట ఏడాది చేరండి. జీతం తక్కువైనా, మెషీన్ చేతికిచ్చి నేర్పేవాళ్లు కావాలి. పెద్ద ఫీజు ముందే కట్టమనే ‘కోర్సు ప్లస్ ఫ్రాంచైజీ’ మాటలు విన్నప్పుడు, వాళ్ల దగ్గర నేర్చుకున్న ముగ్గురితో మాట్లాడాకే నిర్ణయించుకోండి. షోరూముల్లో డెలివరీ ముందు కారు తనిఖీ, బాడీ షాపుల్లో ఫినిషింగ్, పాత కార్ల కంపెనీల్లో ఇన్‌స్పెక్షన్ కూడా ఈ నైపుణ్యం అడిగే ఉద్యోగాలే. పెయింటు బూత్ వైపు వెళితే మాత్రం ఒకటి మర్చిపోకండి: రెండు పాళ్లు కలిపి కొట్టే క్లియర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెచ్చిపెడతాయి. గుడ్డ మాస్కు చాలదు.

ఏడాది తరవాత సొంతంగా అనుకుంటే, ఇంటింటికీ వెళ్లి చేసే పనిగా చిన్నగా మొదలుపెట్టొచ్చు. ముద్రా రుణాల్లో శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. పీఎంఈజీపీలో సేవా యూనిట్‌కి 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టొచ్చు. గ్రామీణ ప్రాంతంలో సబ్సిడీ జనరల్‌కి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకి 35 శాతం. దరఖాస్తుకి ముందు అప్పటి నిబంధనలు చూసుకోండి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బు అడిగితే ఇవ్వకండి. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేవరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

గల్ఫ్ ఆలోచన ఉంటే, ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరమంటే ఒప్పుకోకండి. చేతిలో పని తెలిసి, కాంట్రాక్టు కాగితం చదువుకుని ఎక్కే విమానం వేరు.

ఇవేవీ ఈ వారమే తేల్చుకోనక్కర్లేదు. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న నల్ల బైకు ట్యాంకు తీసుకోండి, లేదా బాడీ షాపులో పక్కన పడేసిన పాత బానెట్ అడగండి. నీడలో రెండు బకెట్లు పెట్టి చెప్పిన వరసలో కడగండి. ఆరాక ఫోన్ టార్చి వేసి చూడండి. ముందున్న గీతలు ఎన్ని, కొత్తగా పడ్డవి ఎన్ని? కొత్తవి ఒక్కటీ లేని రోజు వచ్చేదాకా చేసి చూడండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో అప్పటికి మీకే తెలుస్తుంది.